మూడో బొత్తాం

పిన్ని ముందుగా పెట్టె అడుగున మేజోళ్ళు పరిచింది. వాటి మీద రెండు నూలు గౌన్లు, ఒక ఉన్ని స్వెట్టరు, లోపలి బట్టలు మూడు జతలు. పక్కన దువ్వెన, సబ్బుపెట్టె, సూదీ దారం ఉన్న చిన్న రేకు డబ్బా. సబ్బుపెట్టెలో నిజంగా సబ్బు ఉంది. రేకు డబ్బాలో నిజంగా సూది ఉంది. గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న సామాన్ల తాతకు ఒళ్ళు మండింది.

"నీకేమన్నా పిచ్చా పిన్నీ? షాట్‌లో ఆ పెట్టె తెరవరు. లోపల ఏముందో కెమెరాకి కాదు కదా, దేవుడికి కూడా కనబడదు. నాలుగు పాత పేపర్లు కుక్కి పారెయ్!"

"ఖాళీ పెట్టె మోసేవాళ్ళ భుజం ఎప్పుడైనా చూశావా? వాళ్ళనే ఆ పెట్టె మోస్తున్నట్టుంటుంది."

"అయితే ఇటుక పెట్టు. నా దగ్గర మంచి ఇటుకలున్నాయి."

"ఇటుకకి బరువుంటుంది తాతా. ఊరొదిలి పోయే బరువుండదు."

"ఊరొదిలి పోయే బరువు!" అని తాత గోడకు చెప్పుకున్నాడు. "అందుకే నీ సామాను విమానం ఎక్కించేసరికి నా నడుం విరిగింది."

సామాన్ల తాతకు నలభై ఐదేళ్ళు దాటలేదు. పిన్నికి యాభై ఎనిమిది. అయినా యూనిట్‌లో ఆయన అందరికీ తాత, ఆమె అందరికీ పిన్ని. కుర్చీలూ, గొడుగులూ, ఉత్తుత్తి తుపాకులూ ఆయన చేతి కింద. బట్టలూ బొత్తాలూ ఆమె చేతి కింద. పెట్టె మాత్రం సరిహద్దు తగాదా. పెట్టె సామానే, కానీ లోపలుండేవి బట్టలు కదా అని ప్రతి సినిమాకూ ఒకసారి పోట్లాడుకుంటారు. ప్రతిసారీ పిన్నే గెలుస్తుంది.

వాళ్ళు తీస్తున్నది మోసగాళ్ళ సినిమా. యాభై ఏళ్ళ కిందట ఓడెక్కి పరాయి దేశం పోయి, అక్కడ జమీందార్లమని చెప్పుకుని పెద్దమనుషుల్ని ముంచిన ముగ్గురి కథ. ముగ్గురిలో ఒకత్తి ఆడపిల్ల. ఎవరు ఎవర్ని మోసం చేస్తున్నారో ఆ ముగ్గురికే చివరిదాకా తెలియదు. రాసినాయనకు కూడా తెలియదని తాత అభిప్రాయం. ఆఖరి సీనులో ఆ పిల్ల రైల్వే ప్లాట్‌ఫారం మీద ఒక పెద్దమనిషి జేబు కొట్టి, పెట్టె పట్టుకుని, బొగ్గింజను బండెక్కి వెళ్ళిపోతుంది. అలాంటి ఇంజనూ, అలాంటి స్టేషనూ ఇంకా ఈ పరాయి ఊళ్ళోనే మిగిలున్నాయని యూనిట్ మొత్తం సముద్రం దాటి వచ్చింది.

ఆ సీను కాగితం మీద చదివిన రోజు నుంచీ పిన్నికి తిండి సయించడం లేదు. రైలు కూత వినబడితే ఆమె లేచి కిటికీ మూసేస్తుంది. ఆమె దృష్టిలో లోకంలో మనుషులు రెండు రకాలు: బండిలోంచి చెయ్యి ఊపేవాళ్ళు, ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయేవాళ్ళు. తను పుట్టుకతోనే ప్లాట్‌ఫారం మనిషి. అన్న పట్టాళంలోకి వెళ్ళినప్పుడూ, అక్క మొగుడి వెంట వెళ్ళినప్పుడూ, తన మొగుడు నాటకాల కంపెనీతో వెళ్ళినప్పుడూ ఆమె అక్కడే నిలబడి ఉంది. ముగ్గురూ "వెళ్ళొస్తా" అనే చెప్పారు. మొగుడైతే రెండుసార్లు చెప్పాడు. రెండోసారి చెప్పినప్పుడే అనుమానించి ఉండాల్సింది.

ఇంతలో చిట్టి లోపలికొచ్చింది. పోస్టర్ల మీద ఆ అమ్మాయి పేరు మనిషి తలంత అక్షరాల్లో ఉంటుంది. యూనిట్ అంతా మేడమ్ అంటారు. చిట్టీ అనేది పిన్ని ఒక్కతే. అయిదేళ్ళప్పుడు చిట్టి మొదటి సినిమాకు గౌను కుట్టింది పిన్నే. "మూడో బొత్తాం పెట్టుకోలేదే కోతీ" అని ఆ రోజు మొదలుపెట్టిన మాట పంతొమ్మిదేళ్ళుగా అంటూనే ఉంది. నాలుగు పేజీల డైలాగు ఒక్క చదువుతో వచ్చేస్తుంది ఆ పిల్లకి. ఏ బట్టకైనా మూడో బొత్తాం మాత్రం గుర్తుండదు.

చిట్టి పెట్టెను ఒకసారి లేపి చూసి దించింది. "బాగుంది. ఇంకో స్వెట్టరు పెట్టు పిన్నీ."

"షాట్‌కి ఒకటి చాల్లే."

"షాట్‌కి చాలు," అంది చిట్టి.

పిన్ని చేతిలో సగం మడిచిన కండువా అక్కడే ఆగిపోయింది. తాత వైపు చూసింది. తాత అప్పటికే ఇటుకల గురించి గొణుక్కుంటూ మెట్లు దిగుతున్నాడు.

"పిన్నీ, నీకొకటి చెప్పాలి."

"చెప్పకు."

"వినకుండానే..."

"నాకేం చెప్పకు. నా మొహం అద్దాల బీరువా. ఎవరు ముందు నిలబడినా లోపలున్నవన్నీ కనబడతాయి. మొన్న హోటల్లో తువ్వాలు ఎవరు తీశారని అడిగితే, తియ్యని నేను ఒప్పేసుకున్నాను. తెలుసుగా?"

చిట్టి నవ్వాపుకుంది. "ఎక్కడికో ఆ ఒక్కటీ..."

"అదే వద్దంటున్నాను. ఎక్కడికో, ఎవరి దగ్గరికో, ఎన్నాళ్ళో, ఏదీ వద్దు. ఏ రంగు స్వెట్టరో అది చెప్పు చాలు."

"బూడిద రంగుది. అక్కడ చలెక్కువట."

"చూశావా, చెప్పేశావు!" అని పిన్ని రెండు చెవులూ మూసుకుంది.

చిట్టి ఎందుకు పోవాలనుకుంటోందో మాత్రం ఎవరూ పిన్నికి చెప్పక్కర్లేదు. ఆ కారణం నడుముకు జిప్పు సంచీ కట్టుకుని రోజూ సెట్టంతా తిరుగుతూనే ఉంటుంది. చిట్టి సొంత బాబాయ్. ఏడేళ్ళప్పుడు అమ్మానాన్నా ఇద్దరూ పోతే ఆయనే చేరదీశాడు. అప్పట్నుంచి ఆ పిల్ల తాలూకు ప్రతిదీ ఆయన దగ్గర "జాగ్రత్తగా" ఉంది. పాస్‌పోర్టు, హోటల్ గది తాళం, వచ్చిన ఉత్తరాలు, రాసిన ఉత్తరాలు. ఏం తినాలి, ఎవరితో మాట్లాడాలి, ఎన్నింటికి దీపం ఆర్పాలి, అన్నీ. యూనిట్ ఆయనకు తాళంకప్ప అని పేరు పెట్టింది. ఆయన ముందు మాత్రం బాబాయ్ గారూ అంటారు.

ఆ సంచిలోనే ఇంకో కాగితం కూడా ఉంది. ఊరు చేరగానే చిట్టి దాని మీద సంతకం పెట్టాలి. ఏడేళ్ళు, ఏడాదికి నాలుగు సినిమాలు, ఏది ఒప్పుకోవాలో ఎంచేది బాబాయ్. పెట్టనని చిట్టి ఒక్కసారే అంది. ఆ రోజు ఆయన నిజం కన్నీళ్ళతో ఏడ్చి, "నీకోసం పెళ్ళి కూడా మానుకున్నానే" అన్నాడు. కళ్ళు తుడుచుకుని, బయటికొచ్చి, గదికి తాళం వేశాడు. రెండూ ఆ పిల్ల మంచికే.

తిరుగు ప్రయాణానికి ఇంకా నాలుగు రోజులుంది. పాస్‌పోర్టు సంచిలో ఉంది. సంచి ఆయన పొట్ట మీద ఉంది. పది నిమిషాలకోసారి ఆయన చెయ్యి దాని మీదికి వెళ్ళొస్తుంటుంది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఈయన ఎవరూ ఏమీ అనకుండానే నడుం తడుముకుంటాడు.

జేబు పోగొట్టుకునే పెద్దమనిషి వేషానికి పెట్టుకున్న నటుడికి మర్నాడు దవడ వాచింది. డైరెక్టర్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఆయనకు యూనిట్ పెట్టిన పేరు ఇంకోటి గారు. ఎంత బాగా వచ్చినా సరే "అద్భుతం... ఇంకోటి" అనడం ఆయన అలవాటు. ఆయన పెళ్ళిలో కూడా తాళి కట్టాక ఇంకోటి అన్నాడని తాత చెబుతాడు గానీ, తాత ఆ పెళ్ళికి వెళ్ళలేదు.

"మా బాబాయ్ ఉన్నారుగా?" అంది చిట్టి నెమ్మదిగా. "ఆ పొట్టా, ఆ ఠీవీ... ఎక్కడ దొరుకుతాయి సార్?"

బాబాయ్ మూడుసార్లు "అబ్బే" అన్నాడు. నాలుగోసారి అద్దం ఎక్కడుందని అడిగాడు.

బట్టల గది మూతపడ్డ ఒక బడిలో ఉంది. చిన్నపిల్లలు కోట్లు తగిలించుకునే కొక్కేలు నడుమెత్తులోనే ఉండడంతో పిన్ని కిటికీ నుంచి కిటికీకి తాళ్ళు కట్టి బట్టలు వేలాడదీసింది. ఆ తాళ్ళ మధ్య నిలబడి బాబాయ్ కోటు తొడుక్కున్నాడు. నల్లటిది, మోకాళ్ళదాకా. పిన్ని చుట్టూ తిరిగి చూసింది.

"సంచీ తియ్యాలండీ."

"తియ్యను."

"యాభై ఏళ్ళ కిందట జిప్పు సంచులెక్కడివండీ? పైగా కోటు కింద ఎత్తుగా... నెలలు నిండినట్టు కనబడుతోంది."

"నెలలు నిండినట్టా?" బాబాయ్ పక్కకు తిరిగి అద్దంలో చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. "మరి పాస్‌పోర్టు? అది నా ఒంటి మీద ఉండాల్సిందే."

పిన్ని నోట్లో గుండుసూదులున్నాయి. అవి ఒక్కొక్కటే తీసి గుడ్డలో గుచ్చింది. అద్దాల బీరువా మొహాన్ని ఆయనకు కనబడకుండా వంచి, కోటు అంచు చూస్తున్నట్టు నేల మీద కూర్చుంది.

"లోపల ఎలాగూ సినిమా పర్సుకి జేబు కుట్టాలండీ. అందులోనే రెండో అర పెడతాను. గుండెకి ఆనుకునే ఉంటుంది."

"అదీ మాట!" అన్నాడు బాబాయ్. "గుండెకి ఆనుకుని."

ఆ మధ్యాహ్నం పిన్ని జేబు కుట్టింది. ఒకటే నోరు, రెండు అరలు. ముందు అరలో సినిమా పర్సు, వెనక అరలో చిట్టి పాస్‌పోర్టు. చెప్పిందే కుట్టింది, చెప్పనిది కుట్టలేదు. కాకపోతే జేబు లోపలి అస్తరు మాత్రం పట్టుగుడ్డతో వేసింది. నూలుతో వేసినా సరిపోయేది. నూలుగుడ్డ లోపల పెట్టినదాన్ని పట్టుకుని ఉంటుంది. పట్టుగుడ్డ అడిగినవాళ్ళకు ఇచ్చేస్తుంది. ఎందుకలా వేశావని ఎవరైనా అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పడానికి వీలుగా, ఎందుకలా వేస్తోందో తనను తాను అడక్కుండా కుట్టింది.

ఇక చిట్టి వేళ్ళ సంగతి. ఈ వేషం కోసం ఆమె రెండు నెలలు ఒక గారడీ ఆయన దగ్గర జేబులు కొట్టడం నేర్చుకుంది. కెమెరామన్ వాచీ, తాత బీడీకట్టా, ఇంకోటి గారి విజిలూ ఎన్నిసార్లు పోయి ఎన్నిసార్లు దొరికాయో లెక్కలేదు. ఒకసారి బాబాయ్ మాట్లాడుతుండగానే ఆయన కళ్ళజోడు మాయమైంది. ఆయన మురిసిపోయాడు. "మా అమ్మాయికి ఏది నేర్పినా పట్టేస్తుందండీ!" అని ఊరంతా చెప్పుకున్నాడు. కుక్కకు కరవడం నేర్పించి, పళ్ళెంత తెల్లగా ఉన్నాయో అని మెచ్చుకునేవాళ్ళు అలాగే ఉంటారు.

మంగళవారం పొద్దున్న స్టేషన్లో బొగ్గింజను ముక్కులోంచి ఆవిరి వదులుతూ నిలబడింది. వెనక మూడు పాత రైలుపెట్టెలు. అద్దెకు తెచ్చిన ఆ ఊరి జనం పాతకాలం టోపీలు పెట్టుకుని కిటికీల్లో కూర్చున్నారు. బాబాయ్ ప్లాట్‌ఫారం మధ్యలో నల్లకోటు, చేతికర్ర. చిట్టి బూడిద రంగు కోటు, టోపీ, చేతిలో పిన్ని సర్దిన పెట్టె.

షాట్ ఇది: చిట్టి ఎదురుగా వస్తుంది. పెద్దమనిషిని తగులుతుంది. "క్షమించండి" అంటుంది. పర్సు లేపేస్తుంది. బండి వైపు నడుస్తుంది.

మొదటి టేకులో పర్సు అంచు చిక్కుకుంది. రెండోదానికి మబ్బు అడ్డొచ్చింది. మూడోదానికి బాబాయ్ కెమెరాలోకి చూసి నవ్వాడు.

"జేబు పోయేవాడు నవ్వకూడదండీ!" అని అరిచాడు ఇంకోటి గారు.

"కెమెరా చూస్తే వస్తోందండీ."

ప్రతి టేకు తర్వాతా చిట్టి పర్సు తెచ్చి పిన్ని చేతికిస్తుంది. పిన్ని దాన్ని ముందు అరలో పెట్టి, కోటు సర్దుతుంది. పెట్టినప్పుడల్లా ఆమె వేళ్ళకు వెనక అరలో పాస్‌పోర్టు అట్ట గట్టిగా తగులుతోంది. నాలుగో టేకు. తగిలింది. అయిదో టేకు. తగిలింది. పిల్ల మనసు మార్చుకున్నట్టుంది అనుకుంది పిన్ని. ప్రాణం హాయిగా ఉంది. మళ్ళీ ఇంటికి అందరం కలిసి వెళ్తాం, రేపూ ఎల్లుండీ మూడో బొత్తాం గురించి అరవొచ్చు. ఆ వెంటనే ఏడేళ్ళూ, ఇరవై ఎనిమిది సినిమాలూ గుర్తొచ్చి, ఇంత హాయిగా ఉన్నందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

ఆరో టేకు.

చిట్టి పర్సు తెచ్చి ఇచ్చింది. ఆ పిల్ల అరచెయ్యి మంచుముక్కలా ఉంది. పిన్ని పర్సును ముందు అరలోకి జార్చింది. వెనక అర పళ్ళూడిన బుగ్గలా మెత్తగా లోపలికి పోయింది.

"అద్భుతం!" అన్నాడు ఇంకోటి గారు. ఆ వెంట వచ్చే మాటకు భయపడి పిన్ని కళ్ళు మూసుకుంది. "జేబు షాట్ అయిపోయింది. ఇప్పుడు పెద్ద షాట్. బండి కదలాలి. కెమెరా బాబాయ్ గారి భుజం వెనక నుంచి. బండి మలుపు తిరిగి, పొగ కూడా కనబడకుండా పోయేదాకా కట్ చెప్పను. బాబాయ్ గారూ, మీరు కదలకూడదు. జేబు పోయిందని ఇంకా తెలీదు మీకు."

"తెలీదు," అని బాబాయ్ బుద్ధిగా తలూపాడు. అలవాటుగా ఆయన కుడిచెయ్యి గుండె మీదికి బయల్దేరింది.

"ముట్టుకోకండి!"

పిన్ని అంత గొంతుతో అరవగలదని పిన్నికే తెలియదు. ఇంజను కూడా ఒక్క క్షణం ఆవిరి బిగబట్టినట్టైంది.

"మడత!" అంది పిన్ని. "మడత చెదిరిపోతుంది. కంటిన్యుటీ!"

సినిమావాళ్ళలో దేవుడంటే భయం లేనివాళ్ళుంటారు, పెళ్ళామంటే భయం లేనివాళ్ళూ ఉంటారు. కంటిన్యుటీ అంటే భయం లేనివాడు పుట్టలేదు. ఒక షాట్‌లో పైకున్న మడత తర్వాతి షాట్‌లో కిందికుంటే, థియేటర్లో ఎవడో ఒకడు చూసి నవ్వుతాడు. ఆ ఒక్కడి కోసం నలభైమంది ఊపిరి బిగబట్టి బతుకుతారు. కంటిన్యుటీ రాసే అమ్మాయి పుస్తకం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అవును సార్! ఎడమ మడత పైకుంది, కింది బొత్తాం తెరిచుంది."

"బాబాయ్ గారూ," అన్నాడు ఇంకోటి గారు చేతులు జోడించి, "నేను సరే అనేదాకా మీరా కోటు ముట్టుకోవద్దు. ఊపిరి కూడా కాస్త తగ్గించి పీల్చండి."

బాబాయ్ రెండు చేతులూ ఒంటికి దూరంగా పెట్టుకుని, దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. తన మీద ఇంతమంది ఇంత శ్రద్ధ పెట్టడం ఆయనకు నచ్చింది.

స్టేషన్ మాస్టర్ తన భాషలో ఒక సంగతి చెబితే దుబాసీ దాన్ని తెలుగులో చెప్పాడు. బండి మలుపు దాటిందంటే మళ్ళీ వెనక్కి తోయడానికి లేదు. నాలుగు మైళ్ళ అవతల జంక్షన్‌కి పోయి, ఇంజను తిప్పుకుని రావాలి. నలభై నిమిషాలు పడుతుంది. జంక్షన్లో మామూలు బళ్ళు కూడా ఆగుతాయి కాబట్టి జాగ్రత్త. జాగ్రత్త అన్నమాటకు అందరూ తలూపారు.

బండిలో హీరోయిన్ పక్కన కెమెరాకు కనబడకుండా కూర్చుని వెళ్ళేది ఎప్పుడూ బట్టలవాళ్ళే. పిన్ని మెట్టు మీద ఒక కాలు పెట్టింది. పైనుంచి చిట్టి చెయ్యి అందించింది. ఆ పిల్ల కళ్ళలో రమ్మని ఉంది. నిజంగానే ఉంది. యాభై ఎనిమిదేళ్ళలో బండిలోంచి పిన్నిని ఎవరూ రమ్మనలేదు.

పిన్ని వెనక్కి తిరిగి చూసింది. బాబాయ్ మెడ దగ్గర ఈగ వాలింది. చెయ్యి మెల్లగా పైకి లేస్తోంది.

కాలు మెట్టు మీద నుంచి తీసేసింది.

"నేనెక్కితే ఆ చేతిని ఎవరు చూస్తారే?"

"పిన్నీ..."

"బూడిద రంగు స్వెట్టరు అడుగున ఉంది. పైన ఉన్నది పల్చటిది. మోసపోకు."

చిట్టి తలూపింది. "వెళ్తాను పిన్నీ," అంది.

మనవాళ్ళెవరూ ఆ మాట అనరు. చావుకి పోతున్నా వెళ్ళొస్తా అనే అంటారు. ఇంకో రోజైతే అపశకునం మాటలేమిటే అని పిన్ని నోటి మీద ఒకటి వేసేది. ఇప్పుడు మాత్రం, బండి మెట్టు మీద నుంచి తనకు అబద్ధం చెప్పని మొదటి మనిషి ఈ పిల్లే కదా అనుకుంది. ఈగను తోలడానికి పరుగెత్తింది.

కెమెరా తిరిగింది. బండి కూత వేసింది. చక్రాలు ఒకటొకటిగా కదిలాయి. చిట్టి తలుపులో నిలబడి ఉంది, పెట్టె కాళ్ళ దగ్గర. వెనక్కి తిరిగి చూడకూడదని ఇంకోటి గారు నాలుగుసార్లు చెప్పాడు. చూసింది. సరిగ్గా కెమెరా పక్కకి, పిన్ని నిలబడ్డ చోటికి చూసింది.

పిన్నికి చెయ్యి ఊపడం రాలేదు. ఊపితే ఏడుపొస్తుంది. ఏడిస్తే అద్దాల బీరువా మొత్తం తెరుచుకుంటుంది. ఏం చెయ్యాలో తెలియక, చీర మీద వేసుకున్న తన చొక్కా మూడో బొత్తాం మీద వేలు పెట్టి రెండుసార్లు తట్టింది.

చిట్టి కిందికి చూసుకుంది. కోటు మూడో బొత్తాం తెరిచుంది. పెట్టుకుంది.

ఆవిరి అడ్డొచ్చింది. బండి మలుపు తిరిగింది. పొగ కాసేపు చెట్ల మీద ఉండి, అదీ పోయింది.

"కట్!" ఇంకోటి గారి కళ్ళలో నీళ్ళు. నలభైమందీ చప్పట్లు కొట్టారు. బాబాయ్ కూడా కొట్టాడు, మడత చెదరకుండా, మోచేతులు వంచకుండా, వేళ్ళ చివర్లతో.

"నా జన్మలో ఇలాంటి షాట్ తియ్యలేదు," అన్నాడు ఇంకోటి గారు. "ఇంకోటి!"

అంచేత బండి తిరిగొచ్చేదాకా బాబాయ్ కోటు ముట్టుకోకూడదు. కూర్చోకూడదు, కూర్చుంటే వెనక ముడతలు. ఆయన చేతులు చాపి ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాడు. సామాన్ల తాత చెంచాతో ఆయన నోట్లో అన్నం పెట్టాడు. "కాస్త పెద్ద ముద్ద పెట్టవయ్యా," అని విసుక్కున్నాడు ఆయన. "మీసం కంటిన్యుటీ బాబాయ్ గారూ," అన్నాడు తాత, చిన్న ముద్దే పెట్టాడు.

"మేడమ్‌తో ఎవరెక్కారు?" అని మధ్యలో అడిగింది కంటిన్యుటీ అమ్మాయి.

"పిన్ని కదా?" అన్నాడు ఇంకోటి గారు. అంతలో పిన్నిని చూశాడు. "మీరెక్కలేదా? ఎందుకెక్కలేదు?"

"ఈయన కోటు చూసుకోవాలని," అంది పిన్ని.

నిజమే చెప్పింది. పొద్దున్నుంచీ ఒక్క అబద్ధం ఆడలేదు. నిజాలతోనే ఇంత మోసం చెయ్యొచ్చని ఇన్నేళ్ళ సినిమా బతుకులో ఆమెకు తెలియలేదు.

యాభై నిమిషాలకు బండి వచ్చింది. టోపీల జనం దిగి చేతులూ కాళ్ళూ సాగదీసుకున్నారు. చిట్టి దిగలేదు. సీటు మీద టోపీ ఒక్కటే ఉంది, లోపల హెయిర్‌పిన్నులు వరసగా పేర్చి. టోపీ యూనిట్‌ది, పిన్నులు పిన్నివి. దుబాసీ జనాన్ని అడిగాడు. వాళ్ళు ఎవరి వాటా వాళ్ళు చెప్పారు: జంక్షన్లో ఆ అమ్మాయి పెట్టె పట్టుకుని దిగింది. పక్క ప్లాట్‌ఫారం మీద మామూలు బండి ఉంటే ఎక్కింది. ఎంత బాగా నటించిందో అని వాళ్ళు అక్కడ కూడా చప్పట్లు కొట్టారట.

అప్పుడు బాబాయ్ కోటు ముట్టుకున్నాడు. రెండు చేతులతో ముట్టుకున్నాడు. మడతలన్నీ పోయాయి. జేబులోంచి పర్సు బయటికొచ్చింది. తెరిచాడు. తాత కుక్కిన పాత పేపర్లు.

స్టేషన్ మాస్టర్ ఓపికగా విన్నాడు. ఇరవై నాలుగేళ్ళ మనిషి తన పాస్‌పోర్టు తను పట్టుకుని తన కాళ్ళ మీద బండెక్కితే నేరమేమిటో తనకు అర్థం కావడం లేదని దుబాసీ చేత అనిపించాడు. జేబు కొట్టింది కదా అని బాబాయ్ అరిచాడు. ఆ జేబు మీరందరూ కలిసి ఆరుసార్లు కొట్టించడం నేనూ చూశానన్నాడు స్టేషన్ మాస్టర్.

బాబాయ్ పిన్ని ముందుకొచ్చి నిలబడ్డాడు. మొహంలో మొహం పెట్టి చూశాడు.

"ఎక్కడికెళ్ళింది?"

"నాకు తెలీదండీ."

చాలాసేపు చూశాడు. బీరువా అంతా వెతికాడు. లేనిది దొరకదు.

"ఏమన్నా చెప్పిందా నీతో? నిజం చెప్పు!"

అడిగాక దాచడం పిన్నికి చేతకాదు. "బూడిద రంగు స్వెట్టరు ఇంకోటి పెట్టమందండీ పెట్టెలో. చలెక్కువట."

ఇంకోటి గారు కళ్ళొత్తుకున్నాడు. "విన్నారా? మూసిన పెట్టెలో స్వెట్టరు రంగు కూడా ఆలోచించింది. అదండీ నటంటే!"

బాబాయ్ నుదురు కొట్టుకుని అక్కడి నుంచి వెళ్ళిపోయాడు. పిన్ని ఒక బెంచీ మీద కూర్చుంది. తాత వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇటుక పెట్టమన్నాను కదా," అన్నాడు.

"అన్నావు."

"మంచి పని చేశావు వినకుండా," అని జేబులోంచి బీడీకట్ట తీసి, అది తన దగ్గరే ఉన్నందుకు ఆశ్చర్యపోయాడు.

సినిమా మరుసటి వేసవిలో వచ్చింది. ఇంకోటి గారి జీవితంలో ఒకే టేకులో ఓకే అయిన షాట్ అదొక్కటే. దానికి ఆయన ఇప్పటికీ బాధపడతాడు. పత్రికలవాళ్ళు బొత్తాం గురించి చాలా రాశారు. ఆమె వెనుదిరిగి తన గతాన్ని చూసిందనీ, బొత్తాం పెట్టుకోవడంలో ఒక జీవితాన్ని మూసేసిందనీ ఒకాయన రాశాడు. ఇంకొకాయన అది మనసు తలుపు అన్నాడు. పిన్ని ఆ కాగితాలు కత్తిరించి దాచుకుంది, చదివినప్పుడల్లా నవ్వుకోవడానికి. సినిమా మాత్రం పదకొండుసార్లు చూసింది. ఆ షాట్ వచ్చేసరికి ప్రతిసారీ చీకట్లో తన మూడో బొత్తాం మీద వేలు పెట్టి రెండుసార్లు తట్టేది. తెర మీద చిట్టి ప్రతిసారీ పెట్టుకునేది.

చిట్టి తిరిగి రాలేదు. ఎప్పుడెళ్ళిందని అడిగితే పిన్ని తడుముకోకుండా చెబుతుంది: పంతొమ్మిది వందల ఎనభై మూడు, అక్టోబరు పదకొండు, మంగళవారం, పగలు పన్నెండూ ఇరవైకి బండెక్కింది.